తంగేడు పురిటి కాయం

నమోదు 311

నాలుగో వరస గదుల్లో ఓదెలు మేస్త్రి తమ్ముడు నిద్రలోనే పోయాడు. మూగగాలి. రాయి చెమర్చినప్పుడు దాని వెంటే వస్తుంది. రంగు లేదు, మనిషి ముక్కుకు వాసనా లేదు. కొలిచే యంత్రాలు ఈ రాతి తడికి వారం తిరక్కుండానే తుప్పు పట్టి మూలన పడతాయి. దాన్ని పసిగట్టేది కుక్క ఒక్కటే. గాలి తగలగానే ఉన్నచోట కూలబడి మెడ ఎత్తి ఏడుస్తుంది. ఆ ఏడుపు విని వరసంతా లేచి పరుగు పెడుతుంది. నాలుగో వరసకు కాపలా ఉన్నది బొగ్గు అనే ముసలి కుక్క. దాని ముక్కు పోయి చాలా కాలమైంది. ఆ పూట అది హాయిగా గురక పెట్టింది.

ముక్కు పోయిన కుక్కను కాపలా ఎందుకు పెట్టారని పై ఆఫీసు వారు అడుగుతారు. వేరే కుక్క లేదు కనుక. ఈ గనిలో వరసలు ఎక్కువ, కుక్కలు తక్కువ. నాలుగేళ్లుగా పుట్టిన పిల్లల్లో ఒక్కటీ ఈడుకు రాలేదు. మగవాటికి వృషణాలు సంచిలోకి దిగలేదు. ఆడవి ఎదకు రాలేదు. వాటి ముక్కులు బాగానే పనిచేస్తాయి, కానీ వాటి తర్వాత పుట్టేవి ఉండవు. ఇప్పుడు పిల్లలు పెట్టగల ఆడకుక్క ఒక్కటే మిగిలింది, తంగేడు. దానితో జత కట్టగల మగకుక్క ఈ ముక్కు పోయిన బొగ్గే. ఆకాశం దాటి వచ్చే మీ ఓడ కొత్త కుక్కల్ని తెస్తే దారిలోనే చచ్చి ఊరుకుంటాయి. అంటే తంగేడు ఈసారి పెట్టే పిల్లలు సరిగా ఎదగకపోతే ఈ గని నిద్రపోవడం మానేయాలి.

శవం దగ్గరికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. ఓదెలు లేచి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మనిషి పొడుగు. ఏడ్చిన కళ్లు.

"నీ పచ్చపొడి అచ్చిన సంది ఒక్క కుక్క మంచిగ ఈనలే. నా తమ్ముని పానం నీ డబ్బల ఉన్నది, డాక్టరమ్మా. తీసి ఇయ్యరాదు?"

ఆడవాళ్లు నాకు దారి వదల్లేదు. నేనే గోడకు ఒరుసుకుంటూ బయటికి వచ్చాను. చనిపోయినవాడి కోసం నాకూ ఏడుపు వచ్చింది, వీళ్ల ముందు ఏడవడం ఇష్టం లేక గదికి వచ్చి ఏడ్చాను.

నమోదు 312

పచ్చపొడి గురించి నిజం రాసిపెడుతున్నాను. అది విషం కాదు. జింకు, చేపనూనె, కొన్ని విటమిన్లు. కుక్కల్లో బీజాంగాలు సరిగా ఎదగడానికి పనికొచ్చే పుష్టి ఆహారం. మొదటి విడత పిల్లలు తేడాగా పుట్టినప్పుడు నేనే మిమ్మల్ని అడిగి తెప్పించాను. పని చేయకపోతే మోతాదు పెంచాను. అప్పటికీ పని చేయకపోతే రెట్టింపు చేశాను. అప్పటికీ పని చేయడం లేదంటే అర్థం ఒక్కటే, వీళ్లు దాన్ని కుక్కలకు పెట్టడం లేదు. రాళ్ల కుప్పలో పారబోసి గిన్నెలు కడిగి నాకు చూపిస్తున్నారు.

ఈ జనం నాకు నచ్చరు. నేనూ వాళ్లకు నచ్చను, ఆ లెక్క సరిపోయింది. కుక్కల్ని ప్రాణంగా చూస్తారు, ఆ మాట కాదనను. ఇంటి ఆడపిల్లకు చేసినట్టు కుక్కకు పురుడు పోస్తారు, పసుపు పెడతారు, పాట పాడతారు. జబ్బు చేస్తే మాత్రం నన్ను పిలవరు. పోశవ్వను పిలుస్తారు.

పోశవ్వ అంటే ఈ గనిలో పుట్టిన ప్రతి బిడ్డనూ, ప్రతి కుక్కపిల్లనూ చేతుల్లోకి తీసుకున్న మంత్రసాని. తంగేడు ఉండేది ఆమె గదిలోనే. ఆ కుక్క ఒంటి రంగును బట్టి ఆ పేరు పెట్టింది కూడా ఆమే. తంగేడు పువ్వును ఆమె చూడలేదు, నేనూ చూడలేదు. ఆమె అవ్వ చెప్పిందట.

తంగేడు కడుపుతో ఉంది. ఈసారి పొడిని ఎవరి చేతికీ ఇవ్వను. నేనే దగ్గరుండి తినిపిస్తాను.

నమోదు 313

తినిపించలేకపోయాను.

డబ్బా పట్టుకుని పోశవ్వ గదికి వెళ్లాను. తంగేడు గోడ వారగా పడుకుని ఉంది. పొట్ట కిందికి జారింది. పోశవ్వ మంచం మీద కూర్చుని దీపాల వెలుతురులో పెంచే తోటలో కోసిన ఆకులు ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"పొడి పారబోస్తున్నారు కదా, పోశవ్వా," అన్నాను. "నాలుగేళ్లుగా నన్ను వెర్రిదాన్ని చేసి ఆడుకున్నారు. ఇవాళ నా చేత్తో పెడతాను, నా కళ్ల ముందు తింటుంది."

"పెట్టు," అంది.

జావలో పొడి కలిపి గిన్నె తంగేడు ముందు పెట్టాను. అది ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. గిన్నె దగ్గరికి జరిపాను. ముందుకాలితో గిన్నెను వెనక్కి తోసి, లేచి, నాకు వీపు పెట్టి పడుకుంది. రెండు వేళ్లతో ఆ జావ నాలుక మీద పెట్టుకుని చూశాను. తుప్పు నీళ్లలో కుళ్లిన చేప. నోరంతా పాడైంది.

పోశవ్వ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది.

"నాలుగేండ్ల సంది తినవెట్టమని మా నెత్తిమీద కూసున్నవ్. ఒక్కపారి నీ చేతుల వెట్టి సూసినవా? ఏ కుక్క ముడుతదే దాన్ని?"

"అయితే పారబోసినట్టే కదా!"

"నోరు మంచిగుండనీ. పారబోసుడు మా ఇంటా వంటా లేదు. తినవెట్టిన. ఒక్క ముద్ద సుత తక్వ వెట్టలే. నువ్వు రెండు చెంచలు అంటె రెండు, నాలుగు అంటె నాలుగు."

"ఎలా తిన్నాయి మరి?"

"కాయంల కలిపిన. ఇంకేంట్ల కలిపినా మూతి తిప్పుతయ్. కాయం ఘాటుకు నీ కంపు తెల్వది." అని ఆకులు పక్కకు పెట్టింది. "నా కాయం అంత నీ పొడికే ఆయె. బాలింతలకు సుత తక్వ వడ్డది."

నన్ను మోసం చేస్తున్నారని నాలుగేళ్లు తిట్టుకున్నాను. వీళ్లు నేను చెప్పింది తు.చ. తప్పకుండా చేశారు. అంతకంటే కోపం తెప్పించే విషయం ఇంకొకటి ఉండదు.

నమోదు 314

రాత్రంతా నిద్ర లేదు, ఒకటే ఆలోచన. కాయం.

తెలియనివారి కోసం: కాయం అంటే బాలింతకు పెట్టే కారపు ముద్ద. పాత లోకంలో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, బెల్లం వేసి దంచేవారట. ఇక్కడ అవేవీ మొలవవు. మసక వెలుతురులో పెరిగే ఒక గడ్డ ఉంది, మసకగడ్డ అంటారు. దాన్ని ఎండబెట్టి దంచి, తోటలో తీసిన తీపి పాకంతో ముద్ద కడతారు. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పోశవ్వ అవ్వ కనిపెట్టిన పాకం. తిన్న తల్లికి పాలు పడతాయి, అందులో అబద్ధం లేదు. ఈ గనిలో పిల్లలు బతికారంటే ఆ పాల వల్లే, మీరు పంపిన డబ్బాల వల్ల కాదు.

పొద్దున్నే పోశవ్వ గుమ్మంలో నిలబడి ఒక్క ప్రశ్న అడిగాను. నా పొడి రాకముందు కుక్కలకు కాయం పెట్టేవారా?

"ఎందుకు వెట్టం? పురిటికుక్క బాలింత గాదా? ఈనినంక మూడొద్దులు, ముద్దంత. ఇగ నీ పొడి అచ్చినంక రోజు రెండు పూటల. పిల్లలు పాలు ఇడిసేదాక. నువ్వే గదనే గట్ల వెట్టుమన్నది!"

తిరిగి వచ్చి మసకగడ్డ రసాన్ని, తడి తగలకుండా దాచుకున్న రక్తం చదివే పెట్టెలో పోశాను. ఆ పెట్టె గడ్డను చూసి ఆడ జంతువు రక్తం అనుకుంది. ఆడతనపు హార్మోను ఎలా ఉంటుందో అలాంటిదే ఈ గడ్డ నిండా ఉంది. పాలు పడేది అందుకే. గిన్నెలోంచి తల్లి ఒంట్లోకి, ఒంట్లోంచి పాలలోకి, పాలలోంచి పిల్లల్లోకి.

మూడు రోజుల ముద్ద కొంచెం చెడుపు చేసి ఉంటుంది. మొదటి విడతలో ఒకటి రెండు పిల్లలు తేడాగా పుట్టినట్టు కనబడింది అందుకే. ఆ ఒకటి రెండింటికి మందు వేయబోయి, పిల్లలు పాలు తాగినన్నాళ్లూ నేను రెండు పూటలా కాయం పెట్టించాను. ఫలితం లేదని రెట్టింపు చేయించాను. పొడి వచ్చాకే కుక్కలు గొడ్డుపోయాయని ఓదెలు అన్నాడు. నిజమే అన్నాడు. పొడి వల్ల కాదని నేను అన్నాను. నేనూ నిజమే అన్నాను. ఈ రెండు నిజాల మధ్య ఇంతకాలం కుక్కల వంశం నలిగిపోయింది.

నమోదు 315

పోశవ్వకు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె నా మొహం చూడలేదు, తంగేడు చెవి నిమురుతూ కూర్చుంది.

"మాట్లాడితె మాట్లాడినవ్ గని," అంది చివరకు, "కాయం తిన్న తల్లుల పిల్లలు ఏమైన్రు? ఓదెలు నా కాయం పాలు తాగిండు. నలుగురు పిల్లల తండ్రి. కాయం చెడ్డదైతె వాడేడికెల్లి అచ్చిండు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మగబిడ్డకు ఆ పని తల్లి కడుపులోనే పూర్తవుతుందని చెప్పాను. పుట్టేసరికే వృషణాలు దిగిపోయి ఉంటాయి. కుక్కపిల్లకు అలా కాదు. పుట్టాకే దిగుతాయి, మొదటి వారాల్లోనే. ఆడ కుక్కపిల్లకు లోపలి అవయవాలు కుదురుకునేదీ అప్పుడే. సరిగ్గా ఆ వారాల్లో వీళ్లు ప్రేమగా తల్లికి కాయం పెట్టి పిల్లలకు పాలు తాగిస్తున్నారు.

పోశవ్వ చెవి నిమరడం ఆపింది. ఎన్నో మగబిడ్డల్ని, ఎన్నో కుక్కపిల్లల్ని ఆ చేతులతోనే తీసింది కదా, నేను చెప్పిన తేడా ఆ చేతులకు గుర్తొచ్చినట్టుంది.

"అవ్," అంది. "కుక్కపిల్లకు పుట్టంగనే ఉండయ్."

"అయితే ఈసారి తంగేడుకు కాయం వద్దు. పొడీ వద్దు. అందరికీ చెప్పేద్దాం."

"ఏమని చెప్తవ్?"

"కాయం వల్ల అని."

ఆమె లేచి తలుపు మూసింది. ఆ తర్వాత మాట్లాడిన మాటలు నా మీద అరిచినట్టే ఉన్నాయి, గొంతు మాత్రం తగ్గించింది.

"కాయంతోని గొడ్డువోతరని ఒక్కపారి నోట్లెకెల్లి ఎల్లినంక ఏ పిల్లతల్లి ముడుతది? నువ్వు కడుపు, పాలు అని ఎంత చెప్పినా ఎవలింటరు? నా కోడండ్లే ఉమ్మేస్తరు. పాలు ఎండితె పసిపోరగాండ్లకు ఏం పోస్తవ్? మీ ఓడల పాలడబ్బ అచ్చిందా ఎన్నడన్న? కుక్కలకు పొడి పంపిన్రు గని మా పోరగాండ్లకు పాలు పంపిన్రా?"

దీనికి జవాబు పై ఆఫీసు వారి దగ్గర ఉంటే పంపండి.

"నీ మీద చెప్పుకో," అంది పోశవ్వ. "పొడి తోనే అయిందని చెప్పు. ఎట్లైన నిన్ను తిట్టుడే గద, ఇంకింత తిడుతరు. కాయం సంగతి నేను సూసుకుంట. తంగేడు నోట్లె ఒక్క మెతుకు వోనియ్య. నా మాట."

"నీ మాట నేనెందుకు నమ్మాలి?"

"నమ్మకు. నీకెవలున్నరు ఇంక నమ్మెతందుకు?"

నమోదు 316

నీళ్ల హాలులో అందరూ పోగయ్యారు. ఎక్కి నిలబడడానికి ఒక పెట్టె వేశారు. నన్ను గౌరవించడానికి కాదు, అందరికీ నా మొహం కనబడాలని.

చెప్పాను. కుక్కలు చెడిపోయింది నా పచ్చపొడి వల్లేనని, ఇక పెట్టనని.

"గట్లయితె ఇన్నేండ్లు ఎందుకు తినవెట్టినవ్?" ఓదెలు అడిగాడు.

"తెలియక."

అంతకంటే పెద్ద అబద్ధాలు నా బతుకులో ఆడి ఉంటాను. అంతకంటే చేదు మాట మాత్రం అనలేదు. నా చదువంతా ఆ పెట్టె మీద నిలబడి నన్నే చూసి సిగ్గుపడుతున్నట్టు అనిపించింది. వెనకనుంచి ఎవరో నా మొహం మీదికి తడిగుడ్డ విసిరారు. ఇంకెవరో పొడిని నాకే తినిపించమన్నారు. ఓదెలు నా మొహం మీద ఉమ్మలేదు, కాళ్ల దగ్గర ఉమ్మాడు. పొడి డబ్బాలన్నీ మోసుకెళ్లి పాడుబడ్డ సొరంగంలో వేసి రాళ్లు పేర్చారు.

జనంలో పోశవ్వ ముందువరసలోనే కూర్చుంది. అందరితో పాటు నన్ను తిట్టింది. కొంచెం తక్కువగా తిట్టినా సరిపోయేది.

నమోదు 319

తంగేడు ఈనింది. ఐదు పిల్లలు. నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు బయట నేల మీద కూర్చున్నాను. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ చాప వేయలేదు.

నేను అక్కడ కూర్చున్నది పిల్లల మీద ప్రేమతో అని ఎవరైనా అనుకుంటే వారి ఖర్మ. పోశవ్వ మీద అపనమ్మకంతో కూర్చున్నాను. కాయం వాసన ఆ తలుపు సందులోంచి వస్తుందా లేదా అని ముక్కు పెట్టుకుని కూర్చున్నాను. ఈ గనిలో ఇప్పుడు నేనూ ఒక కాపలా కుక్కనే.

నమోదు 321

పాలు సరిపోవడం లేదు. ఒక పిల్ల చచ్చిపోయింది.

పోశవ్వే ఆ పిల్లను గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "కాయం వెడితె గిది బతుకుతుండె," అంది. మళ్లీ లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది.

ఆ మాట నిజమే కావచ్చు. అరచేతిలో ఇమిడిపోయే ఒళ్లు, ఇంకా వెచ్చగానే ఉంది. తప్పు నాదా అని నన్ను నేను అడిగాను. అవును అనే జవాబు వచ్చింది. అయినా కాయం పెట్టమని మాత్రం అనను. ఏడుస్తూ కూర్చున్నాను, ఈసారి ఎవరు చూసినా పట్టించుకోలేదు.

వరసల్లో ఆడవాళ్లకు కబురు తెలిసింది. బాలింతకు పాలు లేవట, పిల్ల పోయిందట. వాళ్లకు తెలిసిన మందు ఒక్కటే.

నమోదు 322

గిన్నెలు రావడం మొదలైంది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో గిన్నె, మూత మీద పసుపు బొట్టు. తమ ఇంట్లో బాలింతలకు దాచుకున్న కాయం తెచ్చి తంగేడుకు ఇస్తున్నారు. ఓదెలు భార్య కూడా తెచ్చింది. ఆమెకు చంటిపిల్ల ఉంది, తన ముద్దలోంచే తీసి తెచ్చింది. నన్ను దాటుకుంటూ వెళ్తూ, "ఈమెను ఈడికెల్లి ఎల్లగొట్టున్రి, దిష్టి తాకుతది," అంది.

పోశవ్వ ప్రతి గిన్నె అందుకుంది. ఒక్కరినీ కాదనలేదు. "పెడుత బిడ్డ, పెడుత," అంటూ లోపలికి తీసుకెళ్లి, కాసేపటికి నాకినట్టు శుభ్రంగా ఉన్న గిన్నె తిరిగి ఇచ్చింది.

కాయాన్ని పారబోయడానికి ఇక్కడ చోటు లేదు. మురుగు నీరే వడకట్టి మళ్లీ తాగుతాం, ఎవరు ఏం పోసినా అందరి లోటాల్లోనూ ఆ ఘాటు తేలుతుంది. రాళ్ల కుప్పలో వేస్తే కుక్కలు తోడి తింటాయి. ఆ గదిలో ఉన్న నోళ్లు రెండే. ఒకటి ముసలిది, రెండోది కుక్క.

నన్ను పెట్టె ఎక్కించి నోరు మూయించింది, ఇప్పుడు నా కళ్ల ముందే తినిపిస్తోంది. తలుపును కాలితో తన్ని లోపలికి వెళ్లాను. నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

పోశవ్వ నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఓదెలు ఇంటి గిన్నె. మొహం కందగడ్డలా ఎర్రబడి, చెమటలు కారి రవిక తడిసిపోయింది. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. నోటి నిండా కాయం. మింగలేక మింగలేక మింగుతోంది. తంగేడు ఆ గిన్నె కోసం గోడవారనుంచి మెడ చాపుతుంటే, ఎడమ మోచేత్తో దాన్ని అవతలికి తోస్తోంది.

నన్ను చూసింది. నోట్లో ముద్ద దిగాక గానీ మాట రాలేదు.

"ఊకె సూస్తవేందే? తలుపెయ్యి."

వేశాను.

"పొద్దటి సంది ఏడు గిన్నెలు. కడుపుల నిప్పులు వోసినట్టున్నది. కాదంటె ఎందుకు కాదన్నవని అడుగుతరు. ఏమని చెప్పాలె?" గిన్నె నా వైపు తోసింది. "తిను. నీ ఎవ్వారమే గిదంత."

కూర్చున్నాను. తిన్నాను. మొదటి ముద్దకే చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టైంది. రెండో ముద్దకు దగ్గు. ఆమె నీళ్ల లోటా తీసుకుని నాకు ఇవ్వకుండా తనే తాగింది. ఇద్దరం ఒక్క మాట మాట్లాడకుండా ఓదెలు పెళ్లాం గిన్నె ఖాళీ చేశాం. అంతలో బయట ఇంకెవరో పిలిచారు. "పోశవ్వా, కాయం తెచ్చిన!"

ఆమె కళ్లు మూసుకుంది. "అచ్చిన బిడ్డ," అంటూ నా భుజం పట్టుకుని లేచింది. నేను భుజం ఇవ్వలేదు, తనే పట్టుకుంది.

నమోదు 324

గిన్నెలు తగ్గాయి. పోశవ్వ మంచం పట్టింది. కడుపులో మంట, ఏదీ దిగడం లేదు. పలుచటి గంజి కాచి తీసుకెళ్తే, పొడి ఏమైనా కలిపావా అని అడిగింది. కలిపానని చెప్పాను. తిట్టుకుంటూ తాగింది.

నాలుగు పిల్లలు బతికాయి. పాలు చాలనప్పుడు గంజినీళ్లు గుడ్డ పీలికతో పట్టాను. చిక్కిపోయి ఉన్నాయి, బాగా అరుస్తున్నాయి.

నమోదు 331

పిల్లలు గది అంతా తిరుగుతున్నాయి. చూడాల్సిన సమయం వచ్చింది. మగపిల్లలు రెండు.

పెద్దదాన్ని ఎత్తి వెల్లకిలా పట్టుకున్నాను. తొడల మధ్య సంచి దగ్గర వేలు ఆనించాను. ఉన్నాయి. పెసర గింజలంత, రెండు. జారిపోతున్నాయి, దొరుకుతున్నాయి. రెండోదాన్ని చూశాను. దానికీ ఉన్నాయి.

నేను చెబితే ఎవరూ నమ్మరు. గోడకు ఆనుకుని చూస్తున్న పోశవ్వ ఒళ్లో పిల్లను పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని వేళ్లతో తడిమింది. చాలాసేపు తడిమింది. ఆ తర్వాత లేచి తలుపు తీసి వరసంతా వినపడేలా అరిచింది.

"ఉన్నయి! ఓదెలూ, ఉన్నయిరా! రెండిటికి ఉన్నయి!"

జనం పరుగెత్తుకొచ్చారు. ఓదెలు పిల్లను పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చాడు. అతని తమ్ముడి పేరు తలుచుకుని ఏడ్చాడు. ఆ తర్వాత తలెత్తి నన్ను చూశాడు.

"సూసినవా? నీ పొడి బంద్ వెట్టంగనే మంచిగైనయ్."

"చూశాను," అన్నాను.

పై ఆఫీసు వారికి: పొడి ఇక పంపొద్దు. పాలడబ్బాలు పంపండి. కుక్కలకు కాదు. ఎందుకో పై నమోదుల్లో ఉంది. ఆ నమోదులు ఈ గనిలో ఎవరికీ చూపించకండి. చూపిస్తే నేనే వచ్చి మీ గొంతు పట్టుకుంటాను.

నమోదు 358

ఏడాది తిరిగాక తంగేడు ఆడపిల్లల్లో పెద్దది ఎదకు వచ్చింది. నేల మీద ఎర్రటి చుక్క చూసి ముందు కేక పెట్టింది ఓదెలు కూతురు. గనిలో పని ఆగిపోయింది. నీళ్ల హాలులో పండుగ పెట్టారు.

వీళ్ల పద్ధతులు వీళ్లవి. కుక్కను పీట మీద కూర్చోబెట్టారు. అది దిగిపోతే మళ్లీ కూర్చోబెట్టారు. పసుపు పూశారు, మెడలో తోట పూల దండ వేశారు, అది దండను కొరికి తినేసింది. చుట్టూ కూర్చుని పాటలు. నువ్వుల ముద్దలు పంచుతున్నారు. నన్ను ఎవరూ పిలవలేదు. వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాను. పచ్చపొడి డాక్టరమ్మ వచ్చిందని ఎవరో గొణిగారు. ఇప్పుడు నా పేరు అదే. పిల్లలు అన్నం తినకపోతే నన్ను చూపించి భయపెడుతున్నారట.

ఓదెలు భార్య ఒక గిన్నె పట్టుకుని ముందుకు వచ్చింది. మూత తీయకముందే ఘాటు వచ్చింది.

"పెద్దమనిషైన పిల్ల. ఒంటికి బలం. రేపు ఈనితె గిదే వెట్టాలె, ఇప్పటి సందే అలవాటు గానీ," అంటూ ముద్ద తీసి కుక్క మూతి దగ్గర పెట్టింది.

నేను అడుగు ముందుకు వేశాను. నాకంటే ముందే పోశవ్వ చెయ్యి లేచింది. ముద్ద ఎగిరి గోడకు కొట్టుకుంది. పాట ఆగిపోయింది.

"ఏం మనిషివే నువ్వు?" పోశవ్వ గొంతు హాలంతా మోగింది. "కుక్కకు కాయం వెడుతవా? కాయం మనుషులది. మా అవ్వ, మా అవ్వకు అవ్వ, గా కాలం సంది కుక్కకు కాయం వెట్టే ఆచారమే లేదు మాకు. వెడితె ఇంటికి అరిష్టం. గింత సుత ఎర్క లేదా?"

ఓదెలు భార్య బిత్తరపోయింది. కిందటేడు తంగేడుకు తను తెచ్చిన గిన్నె, పోశవ్వ "పెడుత బిడ్డ" అన్న మాట ఆమెకు గుర్తున్నట్టే ఉంది. నోరు తెరిచింది. చుట్టూ ముసలివాళ్లు కొందరు అప్పటికే తలలూపుతున్నారు. అవునవును, లేదు, ఎన్నడూ లేదు.

"నమ్మకుంటె డాక్టరమ్మను అడుగున్రి," అంది పోశవ్వ. "మన పద్ధతులు గామెకు నచ్చయ్. మన తప్పుంటె దాస్తదా?"

అందరూ నా వైపు తిరిగారు. ఈ గనికి వచ్చాక నేను ఏం చెబుతానా అని వీళ్లు ఎదురుచూడడం అదే మొదటిసారి. పీట మీద కుక్క గోడకు అంటిన ముద్ద వైపు ముక్కు చాపింది. పోశవ్వ దాని మెడ గట్టిగా పట్టుకుని ఉంది. నా వైపు చూడడం లేదు.

"లేదు," అన్నాను. "ఎప్పుడూ లేదు."

ఓదెలు భార్య గిన్నె మూత పెట్టింది. పాట మళ్లీ మొదలైంది. పోశవ్వ నువ్వుల ముద్దల పళ్లెం పట్టుకుని వరసగా అందరికీ పంచుతూ వచ్చి, నన్ను దాటేసి పోయింది.